పగలు కుర్చీ, రాత్రి మంచం

పిల్లలూ! ముందుగా ఒక పొడుపు కథ. పగలంతా మోకాళ్ళు ముడుచుకొని కూచుంటుంది. చీకటి పడితే కాళ్ళు చాపుకొని పడుకుంటుంది. కాని తాను ఒక్క రెప్పపాటు కూడా నిద్రపోదు. ఏమిటో చెప్పుకోండి చూద్దాం!

విప్పలేకపోయారా? అది మడత సోఫా. పగలు నలుగురూ కూచునే ఆసనం; రాత్రి ఇద్దరు పడుకునే మంచం. ఇంట్లో ఉంటే ఇందులో పెద్ద విశేషమేమీ లేదు. అదే సోఫాను ఒక మోటారు వ్యానులో బిగించవలసి వస్తే మాత్రం లెక్కలూ, వడ్రంగం, భౌతికశాస్త్రం అన్నీ దానిచుట్టూ చేరతాయి. నిద్రపోయే పిల్లవాడి ప్రాణం కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఎలాగో చూద్దాం.

మన అనంతపురం జిల్లా బెళుగుప్పలో ఒక కుటుంబానికి ఒక వ్యాను ఉన్నదనుకుందాం. శనక్కాయ కోత అయిపోయింది. బడికి సెలవులు. గండికోట లోయా, బెలుం గుహలూ, లేపాక్షి నందీ చూసి రావాలని పిల్లల ముచ్చట. పోయినచోటల్లా గది అద్దెకు తీసుకోకుండా వ్యానులోనే వండుకొని, వ్యానులోనే పడుకుంటే ఎలా ఉంటుంది? ఇలా ఇల్లుగా మార్చిన వ్యానును కారవాన్ అంటారు. మన దేశపు మోటారు వాహనాల నిబంధనలలో దీనికి నిర్వచనం కూడా ఉన్నది. కూచోడానికి ఆసనాలూ బల్లా, పడుకునే వసతీ, వంట ఏర్పాటూ, సామాను పెట్టుకునే చోటూ ఉండాలి. ఇవన్నీ బండికి గట్టిగా బిగించి ఉండాలి. ఆ పడుకునే వసతి ఆసనాలనే మార్చి చేసుకున్నది కావచ్చు. అంటే మన మడత సోఫాకు చట్టంలోనే చోటున్నదన్నమాట!

పాత కాలపు మడత మంచాలు

మడత మంచం కొత్తదనుకొనేరు. 1922లో హోవర్డ్ కార్టర్ అనే ఆయన ఈజిప్టులో టూటన్‌ఖామెన్ రాజు సమాధిని కనుగొన్నాడు. అందులో దొరికిన వస్తువులలో మూడు మడతలుగా ముడుచుకునే ఒక మంచం ఉన్నది. దాని బందులు కంచువి. మూడువేల మూడువందల ఏళ్ళనాటి వడ్రంగి చేసిన పని అది! రాజుతోపాటు మంచం కూడా ప్రయాణం చెయ్యాలంటే అది ముడుచుకోక తప్పదు గదా.

రైళ్ళు వచ్చాక ఈ అవసరం రాజులను దాటి అందరికీ వచ్చింది. అమెరికాలో జార్జి పుల్మన్ 1860ల్లో తయారుచేయించిన రైలుపెట్టెలలో ఎదురెదురు ఆసనాలు దగ్గరకు జరిగి కింది పడక అయ్యేవి. పై పడక కప్పులో దాక్కుని, రాత్రి కిందికి దిగేది.

అంత దూరం పోనక్కరలేదు. మన గుంతకల్లు స్టేషనులో ఏ స్లీపర్ పెట్టె ఎక్కినా మడత మంచం కనిపిస్తుంది. మధ్య బెర్తు పగలంతా కింద కూచున్నవారి వీపుకు ఆనుడు పలక. రాత్రి 10 గంటలకు పైకి లేచి, గొలుసులకు వేలాడి మంచమవుతుంది. ఉదయం 6 గంటలకు మళ్ళీ దిగిపోతుంది. నడవ పక్కన ఉండే కింది బెర్తు మరీ తమాషా అయినది. ఎదురెదురుగా రెండు చిన్న ఆసనాలుంటాయి. వాటి ఆనుడు పలకలు రెండూ వంగి, మధ్య ఖాళీలో పడుకుంటే ఒక మంచం తయారు! పాత తరహా స్లీపర్ పెట్టెలో ఇలా ఎనిమిదేసి పడకల గుంపులు తొమ్మిది ఉంటాయి. మొత్తం ఎన్నో లెక్క కట్టండి. 72.

ఒకప్పుడు మన దేశంలో పేదలు ప్రయాణించే తరగతిలో ఈ పడకలన్నీ వట్టి చెక్కలే. 1977లో రైల్వేమంత్రిగా ఉన్న మధు దండవతే వాటిమీద రెండంగుళాల పరుపు వేయించడం మొదలుపెట్టారు. రెండంగుళాలు ఎంతని అనిపించవచ్చు. రెండు రాత్రులు చెక్కమీద పడుకొని వచ్చినవారిని అడిగితే దాని విలువ చెబుతారు.

ఇక మోటారు బండ్ల సంగతి. జర్మనీలో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1951లో ఫోక్స్‌వాగన్ వ్యానులో అమర్చుకునే ఒక సామాను తయారుచేసింది. పగలు కూచోవచ్చు, రాత్రి పరుచుకొని పడుకోవచ్చు. నేటి కారవాన్‌లలోని మడత సోఫాలు చాలావరకు దాని సంతతే. మన తెలుగునాట అందరికీ తెలిసిన సంచార గృహం 1982 నాటిది. నందమూరి తారకరామారావు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, దానికి చైతన్యరథమని పేరుపెట్టి, దానిలోనే ఉంటూ రాష్ట్రమంతా తిరిగారు. ఆయన ఉపన్యసించే వేదికా, పడుకునే చోటూ ఆ బండే.

మూడు పలకల లెక్క

సరే, మన బెళుగుప్ప వ్యానుకు వద్దాం. టేపు తీసుకొని కొలవండి. పెద్దమనిషి కాళ్ళు చాపుకొని పడుకోవాలంటే దాదాపు 180 సెంటీమీటర్లు కావాలి. చాలా వ్యానుల వెడల్పులో అంత చోటు దొరకదు. కాబట్టి మంచం బండి పొడవునే ఉండాలి. కాని 180 సెంటీమీటర్ల మంచం పగలు కూడా పరచి ఉంటే వంట ఎక్కడ, కూచునేదెక్కడ?

అందుకే మన వడ్రంగి దానిని మూడు పలకలుగా విడదీస్తాడు. కూచునే పలక 55 సెంటీమీటర్లు. వీపు ఆనుకునే పలక 60. వెనక గోడదగ్గర కదలని పెట్టె ఒకటి, దాని పైమూత 65. కూడి చూడండి: 55 + 60 + 65 = 180. పగలు ఆనుడు పలక నిటారుగా లేచి నిలుచుంటుంది. అప్పుడు సోఫా ఆక్రమించే చోటు 55 + 65, అంటే 120 మాత్రమే. రాత్రి కూచునే పలకను 60 సెంటీమీటర్లు ముందుకు లాగితే, ఆనుడు పలక దానితోపాటు జారి, మధ్యలో ఏర్పడిన ఖాళీలో బల్లపరుపుగా పడుకుంటుంది. ఈజిప్టు రాజుగారి మంచానివి కూడా మూడు మడతలే, గుర్తున్నదా?

ఇందులో ఒక చిక్కు ఉన్నది. దానిని తెలుసుకోడానికి రెండు అగ్గిపెట్టెలు తీసుకోండి. రెండిటినీ పక్కపక్కన తాకేటట్టు పెట్టి, అడుగుభాగాన ఒక కాగితం ముక్క అంటించండి. ఇప్పుడు ఒకదానిని సోఫా వీపులాగా పైకి లేపండి. లేవదు! పై అంచులు రెండూ ఢీకొంటాయి. లేవాలంటే వాటిమధ్య సందు వదలాలి. సందు వదిలితే, పరచినప్పుడు ఆ సందు అలాగే ఉండిపోతుంది. అగ్గిపెట్టెకు అది చిన్న సందే. నిజమైన మంచంలో అయితే రాత్రంతా నడుముకింద గుంట!

ఇప్పుడు కాగితాన్ని అడుగున కాక, పైభాగాన అంటించి చూడండి. పెట్టె హాయిగా లేస్తుంది. మళ్ళీ పరిస్తే సందు లేకుండా అతుక్కుంటుంది. కాగితం చేసిన పనే మంచంలో మడతబందు చేస్తుంది. కాబట్టి మడతబందు తిరిగే ఇరుసు చెక్కల మట్టాన కాక, పరుపుల పైమట్టాన ఉండాలి. అందుకోసం రెండు పక్కలా ఇనుప పట్టీలు నిలిపి, బందును పరుపు ఎత్తుకు లేపి బిగిస్తారు. రైలులో నడవ పక్క బెర్తుమీద పడుకున్నవారికి ఈ మధ్య అతుకు బాధ బాగా తెలుసు. 2020లో రైల్వేవారు ఆ బెర్తుపై అడ్డంగా పరిచే వేరే పలకను చూపించారు, ఈ గుంటను కప్పడానికే.

మన సీమ నేలకు తగిన జాగ్రత్తలు కూడా కొన్ని ఉన్నవి. ఇక్కడి గాలికి ఎర్రమన్ను లేస్తుంది. కూచునే పలక జారే ఇనుప కాడిలో ఆ మన్ను చేరితే, నూనె పూసినకొద్దీ ముద్దగా మారి పట్టేస్తుంది. అందుచేత కాడిని పొడిగుడ్డతో తుడవడం వారం వారం చెయ్యవలసిన పని. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన చోట చెక్క కూడా ఎండి కొంచెం ముడుచుకుంటుంది. మరమేకులు వదులవుతాయి. గతుకుల దారి ఆ వదులును ఇంకా పెంచుతుంది. తనంతట తాను వదులుకాకుండా లోపల నైలాన్ వలయం ఉండే నట్లు దొరుకుతాయి, అవి వాడాలి.

ఎద్దుబండి, రైలు, వ్యాను

ఇప్పుడు అసలు సంగతి వినండి. వెనుక మన పెద్దలు గూడుబండిలో వరిగడ్డి పరచి, దానిమీద దుప్పటి వేసుకొని, తిరునాళ్ళకు రాత్రంతా నిద్రపోతూ వెళ్ళేవారు. రైలులోనూ మనం నిద్రపోతూనే పోతున్నాము. మరి వ్యానులో మడత మంచం పరిచి, అది పరుగెత్తుతుండగా పడుకోవచ్చునా?

కూడదు. ఎందుకో లెక్క చెబుతుంది. కదిలే వస్తువు కదులుతూనే ఉండాలని చూస్తుంది. దీనినే జడత్వమంటారు. బండి ఆగినా, దానిలోని మనిషి ముందుకు పోతూనే ఉంటాడు. ఆ పోక ఎంత బలమైనదో తెలుసుకోడానికి ఒక సులభమైన ఉపాయం. బండి వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకోండి. దానిని దానిచేతనే గుణించండి. వచ్చినదానిని 254తో భాగించండి. ఎన్ని మీటర్ల ఎత్తునుంచి పడితే అంత వేగం వస్తుందో తెలుస్తుంది.

ఎద్దుబండి గంటకు 4 కిలోమీటర్లు పోతుందనుకోండి. 4 × 4 = 16. దానిని 254తో భాగిస్తే 0.06 మీటరు, అంటే 6 సెంటీమీటర్లు. గూడుబండి గోడకు తగిలినా, మీరు పీటమీదినుంచి దిగినంత కుదుపు కూడా ఉండదు!

వ్యాను 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. 60 × 60 = 3600. భాగిస్తే 14 మీటర్లకు పైన. నాలుగంతస్తుల మేడమీదినుంచి పడినట్టు.

మరి రైలు 110 కిలోమీటర్ల వేగంతో పోతుంది గదా, దాని లెక్క 47 మీటర్లకు పైన వస్తుంది గదా అని మీలో చురుకైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. ఇక్కడ రెండో లెక్క కావాలి. ఆ ఎత్తును, బండి ఆగడానికి తీసుకునే దూరంతో భాగించాలి. అప్పుడు మనిషిని ముందుకు తోసే బలం, అతని బరువులో ఎన్నోవంతో, లేక ఎన్ని రెట్లో తెలుస్తుంది. రైలుకు గట్టిగా బ్రేకు వేసినా, ఆగడానికి సుమారు కిలోమీటరు పడుతుంది. 47ను 1000తో భాగించండి. బరువులో ఇరవయ్యోవంతు! అందుకే నిద్రపోయేవారికి మెలకువైనా రాదు.

వ్యానుకు గట్టిగా బ్రేకు వేస్తే 20 మీటర్లలో ఆగుతుందనుకోండి. 14ను 20తో భాగిస్తే పదింట ఏడువంతులు. 30 కిలోల పిల్లవాడిని 21 కిలోల బరువుతో ముందుకు తోసినట్టు. నిద్రలో ఉన్నవాడు మంచం మీదినుంచి జారి పడతాడు. బ్రేకు అందక, వ్యాను దేనికైనా కొట్టుకొని అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. 14ను అరతో భాగిస్తే 28 రెట్లు. 30ని 28తో గుణిస్తే 840 కిలోలు. ఏ తల్లి చేతులు ఆ పిల్లవాడిని పట్టుకోగలవు? ఏ పరుపు కాపాడగలదు?

కనుక మడత సోఫా గురించి మీరు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: చక్రం కదిలితే మంచం కుర్చీ కావాలి. అందరూ లేచి కూచోవాలి. ఎక్కడ కూచోవాలి? బండి తయారుచేసినవారే బిగించిన, పట్టీలున్న ఆసనాలలో. వడ్రంగి చేసిన సోఫా ఎంత గట్టిగా ఉన్నా, దానికి పరీక్షకు నిలిచిన పట్టీలూ వాటిని పట్టే ఇనుప చట్రమూ లేకపోతే, బండి నిలిచి ఉన్నప్పుడే దానిమీద కూచోవాలి.

ఒక రాత్రి సంగతి ఊహించండి. గండికోటనుంచి తిరుగు ప్రయాణం. పిల్లవాడికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నాయినా, నాకి నిద్దరొస్తాంది. మంచం పరిస్తే పండుకుంటా. నువ్వు బండి తోలుకో," అంటాడు.

తండ్రి ఏమనాలి? "పండుకో నాయినా, అయితే బండి నిలిపినాక. నీకు నిద్దరొస్తే నాకీ వస్తాంది. అందరమూ పండుకొని పొద్దున్నే పోదాం," అనాలి. మడత సోఫా ఉన్న బండికి ఉన్న గొప్పతనం ఇదే. నిద్ర వచ్చినచోట ఆగవచ్చు. ఇల్లు చేరాలనే తొందరలో, నిద్రమత్తుతో బండి తోలవలసిన అగత్యం లేదు.

బిగించేటప్పుడు, పడుకునేటప్పుడు

సోఫా చట్రాన్ని వ్యాను నేలకు మరమేకులతో కొట్టి వదిలేస్తే చాలదు. కుదుపు వచ్చినప్పుడు అవి చెక్కను చీల్చుకొని లేచిపోతాయి. చిటికెనవేలంత లావు బోల్టును నేలగుండా కిందికి దించి, కింద అరచేయంత ఇనుప బిళ్ళ పెట్టి నట్టు బిగించాలి. బిళ్ళ ఎందుకు? లాగే బలం ఒక్క రంధ్రంమీద పడకుండా చుట్టూ పరుచుకోడానికి. రంధ్రం వేసేముందు బండికిందికి దూరి చూడాలి. ఇంధనం తొట్టీ, బ్రేకు గొట్టాలూ, కరెంటు తీగలూ అక్కడే ఉంటాయి. ఈ పని తెలిసిన మెకానిక్కే చెయ్యాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, బండి స్వరూపం మార్చడానికి రవాణా అధికారుల అనుమతి కూడా పొందాలి.

సోఫాకింద పెట్టెలో దుప్పట్లూ, నీళ్ళ క్యానూ పెట్టుకోవచ్చు. మన సీమలో నీళ్ళు లేకుండా గడప దాటలేము గదా! కాని 20 లీటర్ల క్యాను 20 కిలోల బరువు. పెట్టెకు గడియ లేకపోతే, బ్రేకు వేసినప్పుడు అది ఫిరంగి గుండులా దూసుకువస్తుంది.

ఆనుడు పలకను దించేటప్పుడు చిన్నపిల్లలు దూరంగా ఉండాలి. బందుల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. పలక రెండు స్థానాలలోనూ గడియ పడ్డ చప్పుడు వినాలి. పడుకునేముందు బండిని చదునైన చోట నిలిపి, చేతి బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. వేసవిలో వ్యాను కప్పు పగటి ఎండకు కాగి ఉంటుంది; మన ఊళ్ళలో జనం మిద్దెలెక్కి పడుకునేది లోపలి ఆ వేడి భరించలేకనే. కనుక రెండు పక్కలా కిటికీలు తెరిచి, దోమతెర కట్టాలి. బొగ్గుల కుంపటిగాని, గ్యాసు పొయ్యిగాని వెలిగించి, మూసిన వ్యానులో పడుకోకూడదు. ఇంజను తిరుగుతుండగా కూడా పడుకోకూడదు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయేవారిని నిద్రలోనే చంపుతుంది.

పిల్లలూ, ఇప్పుడు మీకొక పని. పెట్టెల అట్టముక్కతో పది సెంటీమీటర్లను ఒక సెంటీమీటరుగా తీసుకొని ఈ మూడు పలకల సోఫాను చెయ్యండి: 5.5, 6, 6.5 సెంటీమీటర్లు. బందుకు బదులు కాగితపు పట్టీ అంటించండి, పైభాగాన సుమా! దానిని ఒక అట్టపెట్టె బండిలో బిగించి, ఒక మట్టిబొమ్మను పడుకోబెట్టి, బండిని తోసి చటుక్కున ఆపండి. బొమ్మ ఎంత దూరం పోయి పడిందో కొలవండి. తరువాత బొమ్మను కూచోబెట్టి, దారంతో కట్టి మళ్ళీ తొయ్యండి. రెండుసార్లూ ఏం జరిగిందో రాసుకోండి.

చివరగా ఒక లెక్క. ఊరి వీధిలో బండి 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అది ఎంత ఎత్తునుంచి పడినట్టు? 40ని 40తో గుణించి, 254తో భాగించండి. జవాబు మీ ఇంటి మిద్దెకంటే ఎక్కువో తక్కువో చూసి, బండి తోలేవారికి చెప్పండి.